ఆరుగా మారిన ఐదు

2024 నవంబరు 30, శనివారం, ఉదయం తొమ్మిదీ ఇరవై. పాలకొల్లులో కాలువగట్టును ఆనుకొని ఉన్న ఒక సందులో, బుజ్జమ్మగారి ఇంటి వసారాలో, ఒక పాత మోటారుసైకిలు చుట్టూ నలుగురు నిలబడి ఉన్నారు. బండిని అమ్మవలసిన బుజ్జమ్మగారు; కొనవలసిన హేమశ్రీ; కొనాలా వద్దా అన్నది తేల్చవలసిన ఆమె మేనమామ జోగేశ్వరరావుగారు; చప్పుడు విని ఇంజనుకు రోగమేమిటో చెప్పగల మెకానిక్ చిట్టియ్య.

ఈ వసారా దాకా వచ్చిన దారి పొడుగైనదేమీ కాదు, విసుగైనది. రాజమండ్రిలో ఒక షోరూము సర్వీసు విభాగంలో అయిదేళ్ళు పనిచేసి, ఆగస్టులో ఆ ఉద్యోగం మానేసిన హేమశ్రీకి ఒకటే కోరిక. ఎవరికీ అక్కరలేని పాత బండిని చవకగా కొని, బోల్టు బోల్టూ విప్పి, తన చేతులతో కొత్త రూపంలో కట్టాలి. కాకినాడలో మొదటి గిరాకీ కూడా దొరికింది. పని చేసుకోవడానికి భీమవరం రోడ్డులో మేనమామ గోడౌను ఖాళీగా ఉంది. జోగేశ్వరరావుగారు దాన్ని ఇస్తానన్నారు, రెండు షరతుల మీద. నవంబరు నెలాఖరులోగా బండి గోడౌనులో నిలబడాలి, లేకపోతే తాళంచెవి చేపల మేత అమ్మే జగన్నాథరావు చేతికి వెళ్ళిపోతుంది. రెండోది, ఆ బండి నంబరులోని అంకెలు కూడితే ఎనిమిది రాకూడదు.

భీమవరంలో చూసిన బండికి ఇంజను బాగుంది కాని, హ్యాండిలు కింద ఛాసీ మెడ విరిగి అతికిన మచ్చ కనిపించింది, హేమశ్రీ వద్దంది. తణుకులో చూసినదానికి ఛాసీ, ఇంజను, కాగితాలు అన్నీ సవ్యంగా ఉన్నాయి కాని, నంబరు మొత్తం ఎనిమిది వచ్చింది, మేనమామ వద్దన్నారు. పెనుగొండలో చూసినదానికి అంకె ఆరు వచ్చిందని ఆయన పొంగిపోయారు కాని, ఆర్సీ ఎప్పుడో వరదలో పోయిందట. ఇప్పుడు నెలాఖరు రానే వచ్చింది. మిగిలినది ఈ ఒక్క బండి.

"రెండూ ఆరూ ఎనిమిది, ఎనిమిదీ ఒకటీ తొమ్మిది, తొమ్మిదీ తొమ్మిదీ పద్దెనిమిది. అంటే తొమ్మిది! కుజుడు!" అన్నారు జోగేశ్వరరావుగారు, నంబరు పలక ముందు చేతులు వెనక్కి కట్టుకొని. "ఇనుముతో పనిచేసేవాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలే అమ్మాయ్? ఫోటో చూసినప్పుడే చెప్పాను కదా, ఇదే నీ బండని."

"మావయ్యా, కాస్త పక్కకి జరగండి. నన్ను బండి చూడనివ్వండి."

"చూడు, చూడు. నేను చూసేశాను."

ముప్పయ్యేళ్ళపాటు మార్కెట్టు వీధిలో పప్పుల కొట్టు నడిపిన మనిషి ఆయన. కందిపప్పు తూస్తూ ఎదుటివాడి ఇంటి నంబరూ, స్కూటరు నంబరూ, ఫోనులొచ్చాక ఫోను నంబరూ కూడి మంచిచెడ్డలు చెప్పేవారు. రుసుము తీసుకునేవారు కారు. అందుకే కాబోలు, ఊళ్ళో సగం మంది ఆయన మాట నమ్మేవారు.

హేమశ్రీ పనిలోకి దిగింది. బండిని స్టాండు మీద నిలబెట్టి, పురికొసను వెనక చక్రానికీ ముందు చక్రానికీ రెండు పక్కలా బిగించి, ఛాసీ వంగిందేమో చూసింది. తాడు నాలుగు చోట్లా ఒకేలా తాకింది. వెనక చక్రాన్ని రెండు చేతులా పట్టి అటూ ఇటూ లాగితే కదలలేదు. ట్యాంకు మూత తీసి లోపలికి లైటు వేస్తే, తుప్పు ఉండవలసిన చోట గోడలు పలచని నూనె మెరుపుతో కనిపించాయి.

చిట్టియ్య ప్లగ్గు విప్పి లోపల నాలుగు చుక్కల నూనె వేశాడు. కాసేపాగి ప్లగ్గు బిగించాడు. తెచ్చుకున్న సీసాలోని పెట్రోలు పోసి కిక్కు కొట్టాడు. యజమాని పోయాక నాలుగేళ్ళుగా నిద్రపోయిన బండి మూడో కిక్కుకు లేచింది.

"దీని గొంతు వినండి అమ్మాయిగారూ," అన్నాడు చెవి ఒగ్గి. "జలుబు కూడా లేదండి దీనికి."

హేమశ్రీ మీటరు చూసింది. పద్దెనిమిది వేల నాలుగు వందల కిలోమీటర్లు. ఆమెకు అనుమానం వచ్చింది. ఇరవై రెండేళ్ళు రోడ్డు మీద ఉన్న బండికి ఈ లెక్క చాలదు. మీటరు మార్చి ఉండవచ్చు. అయితే మీటరు అబద్ధమాడినా అబద్ధమాడలేనివి కొన్ని ఉంటాయి. కాలు పెట్టే రబ్బరు మీది గీతలు అరగలేదు. చైను చక్రం పళ్ళు మొనదేలలేదు. కిక్కు రబ్బరు మీద కంపెనీవాడు అచ్చువేసిన గుర్తు ఇంకా చదవడానికి వీలుగా ఉంది.

"బండి ఎక్కువ తిప్పలేదాండీ?" అని అడిగింది.

బుజ్జమ్మగారు గడప మీద కూర్చొని చిక్కుడుకాయలు వలుస్తున్నారు. అరవై దాటిన మనిషి; మాట నెమ్మది. "గట్టు దాటి వెళ్ళేవారు కాదమ్మా మా ఆయన. కొబ్బరితోటలకి వెళ్ళడం, రావడం. అంతే."

"భీమవరం, నరసాపురం వెళ్ళాలంటే?"

"బస్సు."

ఇంత మంచి బండి ఇంట్లో పెట్టుకొని బస్సెక్కిన మనిషి హేమశ్రీకి అర్థం కాలేదు. అయినా అర్థం చేసుకోవలసినది మనిషిని కాదు, బండిని. ఛాసీ మెడ మీద కిరసనాయిలు గుడ్డతో తుడిచి, కాగితం అదిమిపెట్టి, పెన్సిలు అడ్డంగా రుద్దింది. లోహం మీద గుద్దిన నంబరు కాగితం మీద తెల్లగా తేలింది. ఇంజను నంబరు కూడా అలాగే తీసుకుంది. బుజ్జమ్మగారు లోపలినుంచి ఆర్సీ పుస్తకమూ, వారసుల సంతకాలకు కావలసిన కాగితాలూ తెచ్చి ఇచ్చారు. కాకినాడలో ఉన్న కూతురు లక్ష్మీప్రసన్న తన సంతకాలు ముందే పెట్టి పంపింది. గడువు తీరిన ఆర్సీని మళ్ళీ చెల్లేలా చేయించుకోవడం కొన్నవాళ్ళ పని. అది హేమశ్రీకి తెలిసిన పనే.

ఛాసీ నంబరు సరిపోయింది. ఇంజను నంబరు సరిపోయింది. ఆమె ఊపిరి పీల్చుకొని, అన్నిటికన్నా పైనున్న వరుస, ఎవరైనా అన్నిటికన్నా ముందు చూసే వరుస, చివరిగా చూసింది.

2519.

లేచి వెళ్ళి పలక చూసింది. 2619. మళ్ళీ పుస్తకం చూసింది.

"బుజ్జమ్మగారూ, ఇందులో ఐదు ఉందండీ."

"ఐదే కదమ్మా మరి."

"పలక మీద ఆరుంది."

"ఆరు తరవాత పెట్టించింది."

 హేమశ్రీ పలక దగ్గర వంగి గోటితో గీకింది. ఐదు కింది వంపు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగకుండా, కాస్త లావుపాటి కొత్త గీత ఒకటి వెనక్కి తిరిగి మెడను కలుపుకుంది. కొత్తది అంటే, పాతికేళ్ళనాటి కొత్తది. పలక మీది నలుపూ ఆ గీత తెలుపూ కలిసి ముసలివైపోయాయి.

ఈలోగా జోగేశ్వరరావుగారి పెదవులు కదలడం మొదలైంది. "రెండూ ఐదూ ఏడు... ఏడూ ఒకటీ ఎనిమిది... పదిహేడు..." అని గొణిగి, బండి తనంతట తాను ముందుకు జరిగినట్టు, రెండడుగులు వెనక్కి వేశారు. "ఎనిమిది! శనివారం పూట, శని అంకె! ఏంటమ్మా ఈ పని? సర్కారు ఇచ్చిన నంబరు మార్చడం నేరం కదా! తెలుసా నీకు?"

"తెలుసండి."

"చదువుకున్నవాడెవడైనా చేస్తాడా ఇలాంటి పని? ఎవడమ్మా మీకు చెప్పిన ఆ మూర్ఖుడు?"

బుజ్జమ్మగారి చేతిలోని చిక్కుడుకాయ సగం విచ్చుకొని ఆగిపోయింది.

"మీరేనండి, అన్నయ్యగారూ," అన్నారు.

చిట్టియ్య ఇంజను ఆపేశాడు. అప్పటిదాకా ఆ చప్పుడు ఉన్నదనే సంగతి ఎవరికీ గుర్తులేదు.

"నేనా?"

"ఆయ్. తొంభై ఎనిమిది కార్తీకమాసం. బండి తెచ్చిన వారానికి మా ఆయన మీ కొట్టుకి కందిపప్పుకి వచ్చారు. వెంకన్న, కొబ్బరికాయల వెంకన్న. మీరు కాటా దింపకుండానే అడిగారంట, ఏంటోయ్ కొత్త బండంట, నంబరెంతా అని. చెప్పగానే, ఎనిమిదొచ్చింది వెంకన్నా, ఐదుకి కడుపు మూసెయ్, ఆరైపోద్ది, అన్నారంట. వచ్చేదారిలోనే బోర్డులు రాసే ఆయన దగ్గర ఆగి, ఆ గీత పెట్టించుకొచ్చేశారు."

"వేళాకోళానికి అని ఉంటాను."

"మీ మాట వేళాకోళమని మాకెవరికీ తెలీదండి. పెట్టించాక పట్టుకుంది భయం. కాగితంలో ఒకటి, పలక మీద ఒకటి. ఖాకీ చొక్కా కనపడితే చాలు, బండి దిగి తోసుకుంటూ సందులోకి పోయేవారు. పోస్టుమేన్ని చూసి కూడా ఓసారి దిగిపోయారు. పెద్దరోడ్డు మొహం చూడలేదు. మా లక్ష్మీప్రసన్న కాకినాడలో నీళ్ళాడిందని కబురొస్తే, ఈ బండి ఇక్కడే పెట్టి మూడు బస్సులు మారారు. ఈయనెళ్ళేసరికి పిల్లకి పేరు కూడా అనేసుకున్నారు అత్తారు."

హేమశ్రీ కళ్ళు మూసుకొని తెరిచింది. "అంత భయమైతే ఆ గీత చెరిపేసి, మళ్ళీ ఐదు చేయించుకోవచ్చు కదండీ?"

బుజ్జమ్మగారు ఆమె కేసి జాలిగా చూశారు. "అప్పుడు ఎనిమిదైపోద్ది కదమ్మా."

హేమశ్రీ చేతిలోని పెన్సిలు కింద పడేసింది. తీసుకోవాలనిపించలేదు. ఒక మనిషి ఇరవై రెండేళ్ళు ఒక పక్క పోలీసుకూ, ఇంకో పక్క శనికీ మధ్య, కాలువగట్టు మీద ఇరుక్కుపోయాడు. దానివల్ల లాభపడినది ఒక్క ఇంజను మాత్రమే. తాను నెల రోజులుగా జిల్లా అంతా వెతికిన బండి, ఎవరూ పాడుచేయని బండి, ఇలా దాగి ఉంటుందని ఆమె ఊహించలేదు. దాచినవారు తన మేనమామ అని అసలే ఊహించలేదు.

"సరే, అయిందేదో అయింది," అన్నారు జోగేశ్వరరావుగారు కండువా సర్దుకుంటూ. "ఈ బండి వద్దు. పద."

"ఏంటండీ?"

"నా గోడౌనులోకి ఎనిమిది రాదు. ఆ మాట మొదటే చెప్పాను. సాయంత్రం జగన్నాథరావుని రమ్మంటాను, తాళం ఇచ్చేస్తే గొడవొదిలిపోతుంది."

"మావయ్యా!" హేమశ్రీ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "భీమవరం బండి నేను వద్దన్నాను, ఒప్పుకుంటాను. తణుకు బండి? ఛాసీకి గీత పడలేదు, కాగితం మీద మరక లేదు, మీరు రోడ్డు మీదే వేళ్ళు లెక్కపెట్టి ఆటో పిలిచారు. పెనుగొండలో కాగితాలే లేని బండిని కొనమని నన్ను బతిమాలారు, ఆరొచ్చిందని! ఇప్పుడు ఇది. ఈ బండి ఇంత బాగుండటానికి కారణం మీరే, వద్దనేదీ మీరే. నేను దేంతో పని చెయ్యాలండీ? కూడికల్తోనా?"

"పెద్దవాళ్ళతో మాట్లాడే పద్ధతేనా అది?"

"ఉద్యోగం మానేసి వచ్చాను. ఇవాళ బండి లేకపోతే గోడౌను లేదు. గోడౌను లేకపోతే మళ్ళీ ఆ షోరూముకే వెళ్ళి, సోమవారం నుంచి ఆయిలు మార్చే టోకెన్లు చించుకోవాలి. అది మీకు ఏ అంకె వస్తుందో అది కూడా చెప్పండి."

చిట్టియ్య మెల్లగా దగ్గాడు. "బాబుగారూ, పలక మీదది కూడితే తొమ్మిదే కదండీ. గోడౌనుకి ఆర్సీ పుస్తకం చదవడం వచ్చా ఏంటి?"

"నువ్వు ప్లగ్గు తుడుచుకో!"

"అసలు," అన్నారు బుజ్జమ్మగారు, వలిచిన గింజలు గిన్నెలోకి ఒంపుతూ, "నేను అమ్ముతానని ఇంకా అనలేదండి."

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు.

"ఫోనులో పధ్నాలుగు వేలన్నారు కదండీ," అంది హేమశ్రీ, ప్రాణం ఉసూరుమంటుండగా.

"ధర మాట అదేనమ్మా, మారదు. దాంతోపాటు నాకు ఇంకోటి కావాలి. అన్నయ్యగారు ఓ కాగితం రాసివ్వాలి. వెంకన్నకి నంబరు మార్చమని చెప్పింది నేనే, ఆ మాట తప్పు, అని. సంతకం పెట్టి ఇవ్వాలి. ఇస్తే బండి ఈ పిల్లది. లేకపోతే అది అక్కడే ఉంటుంది. ఇన్నేళ్ళున్నదేగా."

"తప్పని రాయాలా?" జోగేశ్వరరావుగారి ముఖం ఎర్రబడింది. "అమ్మా, నా లెక్క విని ఇళ్ళు కట్టుకున్నవాళ్ళున్నారు ఈ ఊళ్ళో. సంబంధాలు కుదుర్చుకున్నవాళ్ళున్నారు. ఆ కాగితం రేపు పదిమందీ చూస్తే..."

"పదిమందికీ చూపించడానిక్కాదండి. ఆయన పిరికివాడని అందరూ నవ్వేవారు. నిలబెట్టి చూసుకోడానికి కొన్నాడు బండి, అనేవారు. మా అల్లుడు కూడా అన్నాడు, నా మొహం మీదే. ఆయన పిరికివాడు కాదు, ఒకళ్ళ మాట మీద గౌరవముంచాడంతే. అది నాకు తెలుసు. కాగితం మీద కూడా ఉండాలి. అంతే."

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నా దగ్గరికి వచ్చి ఇదేంటని అడగలేదేమ్మా?"

"వెళ్తానంటే ఆయన వద్దనేవారండి. పెద్దమనిషి బాధపడతాడు, అనేవారు."

 జోగేశ్వరరావుగారు వసారా అంచుదాకా వెళ్ళి ఆగారు. తరవాత, ఎవరూ పిలవకుండానే, తాను వెనకడుగు వేసిన బండి దగ్గరకు నడిచి, కళ్ళజోడు పైకి నెట్టి మీటరు మీదకు వంగారు. "పద్దెనిమిది వేల నాలుగు వందల పన్నెండు," అని పైకి చదివారు. కాస్త ఆగి, "ఇరవై రెండేళ్ళకి," అన్నారు. ఆయన ఒక అంకెల వరుసను కూడకుండా వదిలేయడం హేమశ్రీ పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి చూడటం.

"కాగితం ఏదమ్మా?" అన్నారు.

చిట్టియ్య తన సంచీలోంచి బిల్లు పుస్తకం తీశాడు. బుజ్జమ్మగారు అది తోసేసి, లోపలికి వెళ్ళి గీతల కాగితం ఒకటి తెచ్చారు. జోగేశ్వరరావుగారు కుర్చీ లాక్కొని, ఇంకో కుర్చీని బల్లలా ముందు పెట్టుకొని రాయసాగారు. బుజ్జమ్మగారు చెప్పినది రెండు వాక్యాలు. ఆయన రెండు వాక్యాలూ రాశారు. కలం ఎత్తారు. వీధి వైపు చూశారు. కాలువగట్టు మీద ఎవరో ధాన్యం ఆరబోస్తూ కాళ్ళతో పాయలు తీస్తున్నారు. ఆయన ఆ మనిషిని చూస్తూనే ఉండి, మళ్ళీ వంగి, ఎవరూ చెప్పని మూడో వాక్యం ఒకటి రాసి, కింద సంతకం పెట్టారు.

"సాక్షి సంతకం నువ్వు పెట్టమ్మా," అని బుజ్జమ్మగారు కాగితం హేమశ్రీకి అందించబోయి, తానే ముందు చదివారు, పైకి. "పందొమ్మిది వందల తొంభై ఎనిమిది కార్తీకమాసంలో వెంకన్నగారి బండి నంబరు మార్చమని చెప్పినది నేనే. ఆ మాట తప్పు..." అక్కడ ఆగిపోయారు. కళ్ళు మాత్రం కింది వరుస మీద ఒకసారి వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళాయి. కాగితం హేమశ్రీ చేతిలో పెట్టారు.

హేమశ్రీ చదివింది. మూడో వాక్యం ఇలా ఉంది: 'ఆ మాట నేను నా అంతట చెప్పినది కాదు, వెంకన్నగారిని బండి మీద పెద్దరోడ్డు ఎక్కనివ్వకూడదని, ముందురోజు నా కొట్టుకు వచ్చి ఒకరు చెప్పించగా చెప్పినది.'

"ఎవరు మావయ్యా?"

జోగేశ్వరరావుగారు కలానికి మూత పెట్టి జేబుకు తగిలించుకున్నారు. ఆయన చూపు మేనకోడలి మీద లేదు, బుజ్జమ్మగారి మీద ఉంది.

"సంతకం పెట్టమ్మా," అన్నారు బుజ్జమ్మగారు. కాఫీ తాగుతావా అని అడిగినంత మామూలుగా ఉంది ఆ గొంతు. హేమశ్రీ పెట్టింది. ఆమె అరచేతిలో బండి తాళంచెవి పడింది. చల్లగా, బరువుగా ఉంది. నెల రోజులుగా ఆమె కోరుకున్నది అదే. అయినా ఆ నిమిషాన ఆమెకు దాని మీద దృష్టి లేదు.

"ఎవరని మీరైనా అడగరాండీ?"

"అడగాల్సింది ఈయన్ని కాదమ్మా, నన్ను," అన్నారు బుజ్జమ్మగారు. కాగితాన్ని సగానికి మడిచారు, మళ్ళీ సగానికి, మళ్ళీ సగానికి, ఇక మడత పడనంటున్నా గోటితో నొక్కి ఇంకో సగానికి. లోపలికి వెళ్ళి బీరువా తెరిచి, బట్టల అడుగున దాన్ని పెట్టి, తలుపు మూసి తాళం వేశారు.